చిలకమ్మ పొట్ట మీద సున్నా

మల్కాపురం మార్కెట్లో చేపలమ్మే ఆడవాళ్లు చాలామందే ఉన్నారు గాని, గొంతు మాత్రం చిలకమ్మదే. ఆవిడ "కానాగంతలూ" అని ఒక్క సాగు సాగదీసిందంటే, రెండు వీధుల అవతల డబ్బాలోంచి పప్పు తీస్తున్న ఇల్లాలు ఆ పప్పును మళ్లీ డబ్బాలో పోసేసేది. ఒకసారి ఎన్నికలప్పుడు ఒక పార్టీ వాళ్ల మైకు పాడైపోయిందట. పనిలో పనిగా మా గుర్తు కూడా కేకెయ్యమ్మా అని వచ్చి బతిమాలారట. "నా సేప కుళ్లితే నాను మార్చి ఇత్తాను. మీ సరుకు కుళ్లితే ఎవులు మారుస్తార్రా?" అని చిలకమ్మ వాళ్లను వచ్చిన దారినే పంపేసింది.

ఆ గొంతు దేవుడిచ్చింది కాదు. అవసరం ఇచ్చింది. మొగుడు జగ్గయ్యకి బోటు మీద పని తక్కువ, ఒడ్డున పని ఎక్కువ. ఆ ఒడ్డు పని కూడా సారా దుకాణం దాకానే. అతను పోయాక చిలకమ్మ చీకటితోనే హార్బరుకెళ్లి వేలంలో సరుకు పాడుకుని, గంప నెత్తినెత్తుకుని, ఒక్కగానొక్క కొడుకు అప్పలసూరిని ఐటీఐ దాకా చదివించింది. ఆ కొడుకు ఇప్పుడు రిఫైనరీలో ఫిట్టరు. ఫిట్టరంటే కాంట్రాక్టు ఫిట్టరు. లోపలి పైపులన్నీ అతనికి తెలుసు గాని, లోపలి క్యాంటీనులో అతనికి చోటు లేదు.

మార్కెట్లో చిలకమ్మకు చోటుంది. సముద్రపొడ్డున రంగురంగుల దీపాలు, ఫొటోలు దిగడానికి ప్రేమ గుర్తులు పెట్టిన ఊరు ఇది. ఆ సముద్రాన్ని నెత్తి మీద మోసుకొచ్చి ఊరికి తినిపించే ఆడవాళ్లకు ఒక రేకు నీడ, చేతులు కడుక్కోవడానికి ఒక కుళాయి పెట్టాలని మాత్రం ఎవరికీ తోచలేదు. కాబట్టి అక్కడ జాగాకు పట్టా లేదు. బోర్లించిన గంపే పట్టా, గంప మీద పెట్టిన రాయే రాజముద్ర. మనిషి రాని రోజున పక్కావిడ ఆ గంపను కాపాడుతుంది. రాకపోవడం మరీ ఎక్కువైతే గంపకి కాళ్లొస్తాయి. రోజుకు కాస్తంత పక్కకు నడిచి, చివరికి మురుక్కాలవ అంచున తేలుతుంది.

పోయినేడు చిలకమ్మ గంప అలాగే కాలవ దాకా నడిచొచ్చింది. పెద్దపేగులో పుండు, క్యాన్సరు. ఆ మాట ఇంట్లో ఎవరూ పలకరు, "ఆ జబ్బు" అంటారు. నెత్తురు పడుతుంటే వేడి చేసిందని చిలకమ్మ మజ్జిగ తాగింది. నొప్పి వస్తే వాయువని వాము నమిలింది. గంప ఎత్తబోయి మార్కెట్లోనే కూలబడితే గాని కొడుకు దాకా సంగతి రాలేదు. సర్కారు ఆరోగ్య కార్డు మీద ఆపరేషను జరిగింది. జరిగాక ఆ మనిషి ఏ పని చేసుకుని బతకాలో ఆ కార్డు మీద రాసి లేదు. కాస్త ముందే తెచ్చి ఉంటే ఇంత కొయ్యాల్సి వచ్చేది కాదని కోసిన డాక్టరు అన్న మాట మాత్రం అప్పలసూరి చెవిలో ఈగలా ఉండిపోయింది.

అందుకే అతను శాసనం చేశాడు. ఇకనుంచి అమ్మ గంప ముట్టుకోకూడదు, బరువెత్తకూడదు, మార్కెట్టు వైపు కన్నెత్తి చూడకూడదు. చిలకమ్మ సరేనంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఎవరికీ సరే అనని మనిషి అంత తేలిగ్గా అనేసిందంటే అక్కడే అనుమానం రావాలి. అప్పలసూరికి రాలేదు. పైగా కొడుకు డ్యూటీకి గడప దాటగానే తల్లి గుడికెళ్లి వస్తోందని పెళ్లాం చంద్రిక చెబితే పొంగిపోయాడు కూడా. రోజూ ప్రసాదం అరటిపండు ఒకటి తెచ్చి మర్నాడు అతని క్యారేజీలో పెట్టేది చిలకమ్మ. ఏ గుడమ్మా అని అతను ఒక్కరోజూ అడగలేదు.

ఒక సెలవు రోజున కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. ఆ రోజు గుడి లేదు కాబట్టి చిలకమ్మకు ఇంట్లో కాలు నిలవలేదు. వంటింట్లో కడిగి పెట్టిన చేప ముక్కను పిల్లి ఎత్తుకుపోయింది. ఇక చూడాలి. చిలకమ్మ పెరట్లో నిలబడి ఆ పిల్లిని, దాని తల్లిని, దానికి పాలుపోసి పెంచిన ఎదురింటివాళ్లను కలిపి ఏకధాటిగా కడిగేసింది. ఆ ఊపులో పైట పక్కకు జరిగింది. బొడ్డు పైన పాత కోత మచ్చ పక్కనే నిమ్మకాయంత గడ్డ ఒకటి ఉబ్బి కనపడింది అప్పలసూరికి.

అతని చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. తిట్లు అయిపోయి చిలకమ్మ గట్టు మీద చతికిలబడి ఊపిరి పీల్చుకునేసరికి గడ్డ లేదు.

చంద్రికను పిలిచాడు. ఆమె అత్తను పడుకోబెట్టి పొట్టంతా తడిమింది. ఏమీ లేదంది. చిలకమ్మకు చక్కిలిగింత పుట్టి నవ్వింది. "నీ కళ్లకేటో అయింద్రా సూరీ. ఆ రిఫైనరీ గొట్టం మీద ఫ్లేరు మంట సూసి సూసి నీకు ఎక్కడ సూసినా ఉబ్బులే అవుపడతన్నయి" అంది. గడ్డ ఉందని ఆవిడకు తెలుసు. దువ్వితే లోపలికి పోయే గడ్డ కూడా ఒక గడ్డేనా అని ఆవిడ లెక్క.

అప్పలసూరికి మాత్రం అన్నం లోపలికి పోలేదు. ఆ జబ్బు మళ్లీ వచ్చిందా, ఈసారి కూడా ఆలస్యమైపోయిందా అన్నదొక్కటే బుర్రలో తిరుగుతోంది. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆటో జిలానీ బాషాకు చెప్పుకున్నాడు. ఈ ఊరి పాతటౌను మనిషి, చిన్నప్పటినుంచీ స్నేహం. జిలానీ సగం టీ గ్లాసులోనే ఉంచేసి, అలాంటివి మామూలే బావ, మా పెద్దమ్మకి కూడా గ్యాసు ఇలాగే తిరిగేది అని గబగబా చెప్పి వెళ్లిపోయాడు. మామూలుగా జిలానీ టీ వదలడు. ఆ ఆటోలో కొన్నాళ్లుగా చేపల వాసన ఎందుకొస్తోందో కూడా అప్పలసూరి అడిగి ఉండాల్సింది. ఒకసారి అడిగాడు. హార్బరు సవారీలు బావ అన్నాడు జిలానీ. అది అబద్ధం కాదు.

రాత్రీ పగలూ పైపులతో బతికే మనిషికి బుర్ర కూడా పైపు దారినే నడుస్తుంది. రిఫైనరీలో ఒక పైపు ఎక్కడైనా చెమర్చినా, ఉబ్బినట్టు అనుమానమొచ్చినా పసుపురంగు పెయింటు మార్కరుతో దాని చుట్టూ సున్నా చుడతారు. పక్కన తేదీ వేసి, చూసినవాడి పొడి అక్షరాలు పెడతారు. మర్నాడు వచ్చి ఉబ్బు ఆ గీత దాటిందా లేదా చూస్తారు. దాటితే పెద్దవాళ్లకు కబురు. అప్పలసూరికి ఇంతకన్నా మంచి పద్ధతి లోకంలో ఉందని తెలియదు. మర్నాడు డ్యూటీ నుంచి మార్కరు జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు.

కాని గడ్డ బయటికి రావాలి కదా. పిల్లి సంగతి గుర్తొచ్చి అతనొక సిద్ధాంతం కట్టుకున్నాడు. కోపం వస్తే గడ్డ వస్తుంది. అమ్మకు కోపం తెప్పించడం ఎలాగో కూడా అతనికి తెలుసు. భోజనాల దగ్గర కంచంలో చెయ్యిపెట్టి, నెమ్మదిగా, పులుసు బాగానే ఉంది గాని మా అత్త పెట్టిన పులుసంత లేదన్నాడు.

చంద్రిక గరిటె కింద పెట్టేసింది. అత్తకు వియ్యపురాలి మాటెత్తితేనే పడదు, పులుసు మాటెత్తితే అసలే పడదు. చిలకమ్మ లేచి నిలబడింది. ఆనందపురంలో సెరువు సేప తిని పెరిగినోళ్లకి సముద్రం సేప పులుసేటి తెలుస్తాదిరా అని మొదలుపెట్టి, ఆ వియ్యపురాలు పెళ్లిలో వడ్డించిన చారు దాకా వెళ్లింది. గడ్డ చటుక్కున బయటికొచ్చింది. అప్పలసూరి మార్కరు మూత నోటితో లాగి, మోకాళ్ల మీద కూర్చుని, తల్లి పొట్ట మీద సున్నా చుట్టాడు. తేదీ వేశాడు. ఎ.ఎస్. అని పొడి అక్షరాలు పెట్టాడు. అలవాటు కొద్దీ ఒక బాణం గుర్తు కూడా వేశాడు.

చిలకమ్మ తిట్లు మధ్యలో ఆపి కిందికి చూసుకుంది.

"ఏటిరా ఇది?"

"మార్కింగమ్మా."

"నానేటి, గ్యాసు బండనా?"

సబ్బు పెట్టి తోమింది, కొబ్బరినూనె రాసింది, చంద్రిక కిరసనాయిలు కూడా వెతికింది. సున్నా చెక్కు చెదరలేదు. మర్నాడు మళ్లీ అత్తగారి పులుసు మెచ్చుకుని చూస్తే గడ్డ ఆ గీతను కొంచెం దాటినట్టే అనిపించింది అప్పలసూరికి. ఇక ఆగలేదు. డ్యూటీ మానేశాడు. కాంట్రాక్టు మనిషికి తల్లి జబ్బు సెలవు కాదు, గైరుహాజరీ. అయినా మానేసి, జిలానీ ఆటోలో తల్లిని ఎక్కించుకుని పెద్దాసుపత్రికి బయల్దేరాడు. దారిలో ఇడ్లీ తినిపించాడు. జిలానీ ఆ రోజు హారను తప్ప నోరు మోగించలేదు.

ఆసుపత్రి ఓపీ దగ్గర ఊరు ఊరంతా ఉంది. ఇంతమందికి ఇన్ని బెంచీలే చాలనుకున్నవాడు ఎప్పుడూ ఆ బెంచీ మీద కూర్చుని ఉండడు. చివరికి ఒక కుర్ర హౌస్ సర్జన్ చిలకమ్మ పైట పక్కకు తప్పించి చూశాడు. సున్నా, తేదీ, పొడి అక్షరాలు, బాణం. అతనికి అంతా తేటతెల్లమైపోయింది. కోయాల్సిన చోట మార్కింగ్ అయిపోయిన పేషెంటును ఇక్కడ ఎందుకు నిలబెట్టారు, ఆపరేషను వాళ్లుండేది అటు వైపు కదా అని కసిరాడు. తీసుకెళ్లి ఆపరేషను వాళ్ల వరసలో కూర్చోబెట్టారు. అక్కడి నర్సు వచ్చి ఆఖరున ఎప్పుడు తిన్నావమ్మా అని అడిగింది.

"ఇందాకల. ఆటోలో. సెట్నీ బాగుందమ్మా" అంది చిలకమ్మ.

నర్సు నెత్తి కొట్టుకుంది. ఆపరేషను పెట్టుకుని ఇడ్లీ ఎవరు తినమన్నారని అందరికీ కలిపి చీవాట్లు పెట్టింది. ఈ గోలంతా విని లోపలి గదిలోంచి డాక్టరు కీర్తన బయటికొచ్చింది. సున్నా వైపు వంగి చూసి, కళ్లజోడు సవరించుకుని మళ్లీ చూసింది.

"ఎ.ఎస్. అంటే ఎవరు? మన యూనిట్లో ఎ.ఎస్. ఎవరూ లేరే."

అప్పలసూరి చెప్పులు చూసుకున్నాడు. "నానేనండి. అప్పలసూరి. ఫిట్టర్నండి."

"ఫిట్టరా?"

"రిఫైనరీలోనండి. ఉబ్బు గీత దాటతందో నేదో తెలాలి కదండి. పైపులకేసే రంగండి. ఎంత ఏడికైనా పోదండి."

ఆఖరి మాట అనేటప్పుడు అతని గొంతులో కాస్త గర్వం కూడా వినిపించింది. డాక్టరమ్మ పెదవి బిగబట్టి, లోపలికి రమ్మంది.

లోపల బల్ల మీద పడుకోబెట్టి చూస్తే సున్నా ఉంది గాని సున్నాలో ఏమీ లేదు. నిలబెట్టి దగ్గమంది. ఇంట్లో పిల్లి మీద లేచే చిలకమ్మ డాక్టరు ముందు పెళ్లికూతురైపోయింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పిచ్చుక తుమ్మినట్టు ఒక దగ్గు దగ్గింది. గట్టిగా దగ్గమంటే ఇంకా మెల్లగా దగ్గింది. మా వోడికి బెంగ తల్లీ, నాకేటీ నేదు, నీకెందుకు సెరమ అని డాక్టరమ్మ చెయ్యి నిమిరింది.

అప్పలసూరి భయం వేరే. గడ్డ కనపడకపోతే ఇంటికి పొమ్మంటారు. ఇంటికెళితే అది లోపల్లోపల ఏం చేస్తుందో ఎవరికి తెలుసు. ఆఖరి అస్త్రం తీశాడు. మేడమ్, మా అత్త పులుసు చాలా బాగా పెడతాదండి అన్నాడు. డాక్టరమ్మ అయోమయంగా చూసింది. చిలకమ్మ మాత్రం ముసిముసిగా నవ్వి, అవునమ్మా, మా వియ్యపురాలు ఎన్నలాటి మనిసి అంది.

అస్త్రం కూడా పోయింది. అప్పుడు అప్పలసూరికి తట్టింది. కోపం కాదు. కేక.

"అమ్మా, నీకు దణ్ణమే. ఒక్కసారి కానాగంతలు కేకెయ్యి."

"ఇక్కడేటిరా. ఆసుపత్రి. సిగ్గునేదూ?"

"వెయ్యండమ్మా, నేను చూడాలి" అంది డాక్టరమ్మ.

చిలకమ్మ అటూ ఇటూ చూసింది. పైట నడుముకు దోపింది. ఒక చెయ్యి చెవికి ఆనించుకుని ఊపిరి పీల్చింది.

"కానాగంతలూ, నెత్తళ్లూ, సావిడాయిలమ్మా... ఇప్పుడే ఏట బోటు దిగినయి, ఇంకా కళ్లు మూయనేదమ్మా..."

కిటికీ అద్దాలు జిల్లుమన్నాయి. గడ్డ ఎగిరొచ్చి పసుపు సున్నాలో కూర్చుంది. డాక్టరమ్మ చెయ్యి వెంటనే దాని మీద పడింది. బయట ఓపీ అంతా ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయి, ఆ తర్వాత చేపల బేరంలోకి దిగింది. ఎవరో చందువాలున్నాయా అని కేకేశారు. కర్టెను తొలగించుకుని ఒక ఆయా తలపెట్టి, మధ్యాహ్నం దాకా ఉంటారా అని అడిగింది. ఆ వెనకే మల్కాపురం సన్యాసమ్మ, మోకాలి నొప్పికి వచ్చిన మనిషి, కుంటుకుంటూ వచ్చేసింది.

"సిలకా, నువ్వేనేటి. మార్కెట్టు ఇక్కడికి మార్చీసేవా? నిన్న నువ్విచ్చిన నెత్తళ్లలో అంతా ఇసకేనే."

అప్పలసూరి మెల్లగా తిరిగాడు. "నిన్నా? నిన్న మాయమ్మ గుడికెళ్లింది."

సన్యాసమ్మ చిలకమ్మను చూసింది. చిలకమ్మ పైకప్పులో ఫ్యానును చూసింది. గుమ్మంలో నిలబడ్డ జిలానీ, ఆటో అడ్డంగా పెట్టేసినాను బావ, సూసొత్తాను అని మాయమయ్యాడు. ఆటోలో చేపల వాసన, క్యారేజీలో అరటిపండు, చంద్రిక మౌనం అన్నీ అప్పలసూరి బుర్రలో ఒకదాని తర్వాత ఒకటి నట్టుకు బోల్టులా బిగుసుకున్నాయి.

డాక్టరమ్మ ఇవేవీ పట్టించుకోలేదు. వేళ్లతో నొక్కితే గడ్డ గుడగుడమని లోపలికి జారింది. మళ్లీ దగ్గించింది. ఈసారి చిలకమ్మ మనిషిలా దగ్గింది.

"ఆ జబ్బేనా మేడమ్?" అన్నాడు అప్పలసూరి.

కోత వేసిన చోట లోపలి కండ బలహీనపడి, బరువెత్తినప్పుడు, కేకేసినప్పుడు పేగు ఆ సందులోంచి బయటికి తోసుకొస్తోందని, దాన్ని హెర్నియా అంటారని ఆవిడ విడమరిచి చెప్పింది. మెత్తగా ఉండి లోపలికి పోతోంది కాబట్టి ఆ జబ్బులా అనిపించడం లేదంది.

"కాని నా చెయ్యి చెప్పిన మాట మీద వదిలెయ్యను. స్కానింగు, రక్తపరీక్ష చేయిద్దాం. ఈలోగా గడ్డ గట్టిపడినా, లోపలికి వెళ్లకపోయినా, నొప్పి గాని వాంతులు గాని వచ్చినా ఉన్నపళంగా తీసుకురండి. సున్నాలు చుడుతూ కూర్చోకండి."

పరీక్షలకు చీటీ రాయించుకుని బయట వేపచెట్టు కింద కూర్చున్నారు తల్లీ కొడుకూ. చిలకమ్మే మొదలుపెట్టింది. గంప తాను ఎత్తడం లేదని, జిలానీయే ఆటోలో వేసి తెస్తాడని, దింపడం మాత్రమే తనదని. దింపడానికి ముందు ఎత్తాలి కదమ్మా అన్నాడు కొడుకు. ఆ చిక్కు ఆవిడకు తోచలేదు.

"ఎందుకే అమ్మా ఇదంతా? నాను సూడనా నిన్ను?"

"సూస్తావురా. ఎవులు కాదన్నారు." చిలకమ్మ ముంగిట పోయే జనాన్ని చూస్తూ అంది. "ఇంట్లో కూకుంటే నాను జబ్బు మనిసిని. గంప కాడ కూకుంటే సిలకమ్మని. పైగా నా గంప కాలవ దాకా ఎల్లిపోనాది. ఇంకొక్క నెల ఒగ్గేస్తే కాలవలోకే."

అప్పలసూరి తల్లి చెంగుతోనే మొహం తుడుచుకున్నాడు. చేపల వాసన. ఇన్నాళ్లూ గుడి నుంచి వచ్చే మనిషి దగ్గర ఈ వాసన ఎలా పట్టలేదో అతనికే అర్థం కాలేదు.

పరీక్షల కబురు వచ్చేదాకా ఇల్లు ఒంటికాలి మీద నడిచింది. డాక్టరు చెప్పిన పొట్ట బెల్టు తొడిగితే చిలకమ్మ నడక మారిపోయి, బోటు మీద లైఫ్ జాకెట్టు వేసుకున్న సరంగులా తిరిగింది. కేకలు బందు. పిల్లికి ఇది ఎలా తెలిసిందో గాని, వంటింట్లోనే కాపురం పెట్టింది. అప్పలసూరి పులుసు మాట ఎత్తడం మానేశాడు. చంద్రిక మాత్రం ఎత్తింది. నువ్వు మెచ్చుకున్న ఆ పులుసు మా అమ్మ పెట్టింది కాదు, పెళ్లి రోజున వంటవాడు పెట్టింది అని చెప్పేసింది.

ఆసుపత్రికి మళ్లీ వెళ్లిన రోజున అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. డాక్టరమ్మ స్కానింగు ఫిల్ములు వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. రక్తపరీక్ష కాగితం చూసింది. ఆ జబ్బు తాలూకు జాడ ఎక్కడా లేదంది. లోపలంతా శుభ్రంగా ఉంది, హెర్నియాకు తీరిగ్గా ఆపరేషను చేసుకోవచ్చు, అప్పటిదాకా బరువులు వద్దు, కేకలు వద్దు అంది.

"మేడమ్, ఆ శుభ్రంగా ఉందన్న మాట ఇంకొక్కసారి అంటారా" అన్నాడు అప్పలసూరి. ఆవిడ అంది. "ఆ మాట కాగితం మీద రాసి, దాని కింద మీ పొడి అక్షరాలు ఎట్టండి మేడమ్." ఆవిడ నవ్వుతూ పెట్టింది.

ఇప్పుడు రోజూ పొద్దున డ్యూటీకి ముందు గంప దింపేది అప్పలసూరి. హార్బరు నుంచి తెచ్చేది జిలానీ, ఈసారి బహిరంగంగా. కూర్చునేది చిలకమ్మ, బెల్టుతో. చిక్కంతా కేక దగ్గరే వచ్చింది. ఆవిడ వెయ్యకూడదు, కొడుక్కి రాదు. మొదటిరోజు అతను నిలబడి, రిఫైనరీలో మైకులో చెప్పినట్టు, గమనిక, కానాగంతలు సిద్ధంగా ఉన్నాయి అన్నాడు. ఇద్దరు ముగ్గురు మంట ఎక్కడని అడిగారు. సిగ్గుపడక సాగదియ్యిరా అని చిలకమ్మ కింద నుంచి గిల్లింది.

గంపను కాలవ అంచు నుంచి పాత చోటికి తెచ్చుకున్నారు. మళ్లీ జరక్కుండా అప్పలసూరి మార్కరు తీసి దాని చుట్టూ నేల మీద పసుపు సున్నా చుట్టాడు. తేదీ వేశాడు, పొడి అక్షరాలు పెట్టాడు. బాణం కూడా. అది చూసి పక్కావిడ నాకూ చుట్టమంది. ఆ పక్కావిడ కూడా. ఆ పొద్దు అతను డ్యూటీకి ఆలస్యమైపోయాడు గాని, మార్కెట్టు వరసంతా సున్నాలు తేలాయి.

కొన్నాళ్లకు చొక్కా టక్కు చేసుకున్న మునిసిపాలిటీ మనిషి ఒకడు, రోడ్డు మీద గంపలు తీయించాలని కర్ర పట్టుకుని వచ్చాడు. సున్నాల దగ్గర ఆగాడు. వంగి తేదీలు చదివాడు. బాణాల వైపు చూశాడు. ఇంత పద్ధతిగా మార్కింగు జరిగిందంటే ఇది ఎక్కడో పైస్థాయిలో తేలిన వ్యవహారమని అతనికి అనిపించినట్టుంది. కర్ర చంకలో పెట్టుకున్నాడు.

"ఈ ఎ.ఎస్. అంటే ఎవరమ్మా, ఏ ఆఫీసు?" అని అడిగాడు.

చిలకమ్మ కేకెయ్యకూడదు కదా. పైట సర్దుకుని, ఆసుపత్రిలో దగ్గినట్టే మెల్లగా చెప్పింది.

"ఏటో బాబూ, మాకేటి తెలుసు. పెద్ద సారొకలొచ్చి ఏసీనారు. ఎంత ఏడికైనా పోదంట."